కబురందని కూలీలు

తెల్లవారకముందే నొల్బెర్తో పడవ ఒడ్డుకొస్తుంది.
తొట్టిలో ఒకే ఒక్క స్క్విడ్. హిబియా అంటాం ఇక్కడ.
ఇంకా రంగులు మారుతూనే ఉంటుంది,
ఎర్రబారి, పాలిపోయి, మళ్ళీ ఎర్రబారి.
"ఇది నీ గాజుపలకలకి, తక్కినవి బజారుకి" అంటాడు.

నా కత్తికి కావలసింది ఒక్క నరం,
పెన్సిల్ ములుకంత లావు.
రెండు కొసలా దారంతో ముడివేసి
ఉప్పునీళ్ళలో కడిగి
ఒక కొస కోసి
టూత్‌పేస్టు పిండినట్టు పిండుతాను.
తొక్క అటు, గుజ్జు ఇటు.
జంతువు లేదు. నరానికి పైతొడుగు కూడా లేదు.

లోపల రవాణా మాత్రం ఆగలేదు.

సన్నటి పట్టాల మీద
అడుగుకి ఎనిమిది నానోమీటర్ల చొప్పున
కైనెసిన్ అనే కూలీ, ఒళ్ళంతా కాళ్ళే,
తనకంటే ఎన్నో రెట్ల మూట నెత్తిన,
ఒక పాదం ఊనితేగాని రెండోది ఎత్తదు.
ఎదురుగా డైనీన్
పాత సామాను వెనక్కి మోసుకుపోతూ.
ఒక చుక్క ఏటీపీ వేస్తే చాలు,
కూలి ముట్టినట్టే.
యజమాని పోయాడని
వాళ్ళకింకా కబురందలేదు.
మధ్యాహ్నం దాకా మోస్తూనే ఉంటారు.
ఎవరికి?

కిందటి చలికాలం నొల్బెర్తో మెడలో గడ్డ.
వాల్పరైసో ఆసుపత్రిలో సూదిమందు ఎక్కించారు,
బిళ్ళగన్నేరు ఆకులోంచి తీసిన మందు.
గడ్డ కరిగింది.
చెడ్డ కణం చీలే దారాల్ని తెంపే ఆ మందే
మంచి నరంలో పట్టాలనూ పీకేసింది.
ముందు కాలివేళ్ళు, తర్వాత చేతివేళ్ళు.
వలకి ముడి పడిందో లేదో
ఇప్పుడు కళ్ళతో చూసుకుంటాడు.
మొన్న బూటులో గులకరాయితో
రోజంతా తిరిగాడు.
సాయంత్రం ఎర్రబడ్డ మేజోడు
నాకు చూపించి నవ్వాడు.

"నీ మిషన్‌లో నా కాలు పట్టదా, ఫ్రెసియా?"

పట్టదు. లెక్కయితే చెప్పగలను:
నడుం దగ్గర్నుంచి బొటనవేలికి ఒక మీటరు.
తొందర సరుకు మూడ్రోజుల్లో చేరుతుంది.
పట్టాలు వేసే సామానుందే, అదొట్టి నత్త,
రోజుకో మిల్లీమీటరు.
ఇవాళ బయల్దేరితే దాదాపు మూడేళ్ళు.

వేళ్ళమీద లెక్కపెట్టబోయి ఆగాడు.
"అంటే ఇవాళ నా బొటనవేలికి చేరేది
గడ్డ లేనప్పుడు బయల్దేరిందన్నమాట.
దానికి నా జబ్బు సంగతి తెలీదు."

ఔననలేదు, కాదనలేదు.
తొట్టి కడిగి చేతికిచ్చాను,
పట్టు చిక్కిందని అతను చూసుకునేదాకా
వదల్లేదు.

తడి ఇసుక మీద
ఒక పాదం ఊని, కిందికి చూసి,
అప్పుడు రెండోది ఎత్తుతూ
పడవ దాకా వెళ్ళాడు.