నూరడుగుల లోపు

మా హోటల్ కౌంటర్ మీద ఒక పటం ఉంటుంది.
నోదార్ గీశాడు, నేను ఈ ఉద్యోగంలో చేరకముందు.
జిరాక్సుకి జిరాక్సు తీసి తీసి
నది వెలిసిపోయింది. వంతెన మాత్రం మిగిలింది,
దేన్ని దాటుతోందో దానికే తెలియకుండా.

గంధకపు స్నానాల వీధి: తొమ్మిది నిమిషాలు.
బొమ్మలాట హాలు: ఆరు.
కోట మెట్లు: పదిహేడు.
అన్నీ నోదార్ కాళ్ళ లెక్కలే.
పొడగరి. పైగా ఎవరో తరుముతున్నట్టు నడిచేవాడట.
అతిథులు చెమట తుడుచుకుంటూ తిరిగొచ్చి
"తొమ్మిదన్నారు, ఇరవై పట్టింది" అంటారు.
తిబిలీసీ తరఫున నేను క్షమాపణ చెబుతాను.

అక్టోబర్లో మ్జేవినార్ గారు వచ్చారు
బతూమి నుంచి, రైలు దిగి నేరుగా.
ముప్పై ఏళ్ళు స్టేషన్ మైకులో
ఊళ్ళ పేర్లు పిలిచిన గొంతు.
గుండె పరీక్షలకి వారం రోజుల బస.
డాక్టర్ చీటీ తీసి కౌంటర్ మీద పెట్టారు:
రోజుకి రెండువందల అడుగులు. మించకూడదు.
"అంటే పోను నూరు, రాను నూరు.
నూరడుగుల్లో మీ ఊళ్ళో చూడదగ్గవేమున్నాయమ్మా?"

పటం తిరగేశాను. వెనక తెల్లగా ఉంది.

మధ్యాహ్నం డ్యూటీ దిగి
గుమ్మం దగ్గర్నుంచి లెక్కపెట్టాను,
పెదవులు కదుపుతూ, పిచ్చిదానిలా.
పదకొండేళ్ళుగా ఇదే వీధి. ఎప్పుడూ బస్సు కోసం పరుగే.

పద్నాలుగు: చీలమండల ఎత్తున ఒక కిటికీ.
కింద నేలమాళిగలో రొట్టెల పొయ్యి.
మాల్ఖాజ్ బావిలోకి వంగినట్టు నడుందాకా వంగి
పిండిని గోడకి చరుస్తాడు;
కాళ్ళు ఒక్క క్షణం గాల్లోకి లేస్తాయి.
ఆ రొట్టె రోజూ తింటాను. ఆ కాళ్ళు చూడటం ఇదే మొదలు.

ముప్పైమూడు: వీధి మీదకి ఒరిగిన చెక్క బాల్కనీ.
దాన్నొక ఇనుప కమ్మీ మోస్తోంది,
కమ్మీని ద్రాక్షతీగ మోస్తోంది,
తీగనెవరు మోస్తున్నారో అడక్కూడదు.

యాభై: ఏమీ లేదు. గోడ.
కాస్త నిలబడితే, గోడ వెనక ఎవరో
పియానో మీద ఒకే చోట తప్పుతున్నారు.
అదీ రాసుకున్నాను.

ఎనభై తొమ్మిది: తాళంచెవులు చేసే వాఝా డబ్బా.
నూరు: మూల మలుపు. నది కనిపించదు.
నది మీది గాలి మాత్రం మెడకి తగులుతుంది.

గర్వంగా కాగితం అందించాను.
ఆవిడ నా చెప్పులు చూశారు. తర్వాత తన చెప్పులు.
"ఎవరి అడుగులివి?"

నేనూ నోదార్‌నే అయ్యాను.

మర్నాడు ఇద్దరం బయల్దేరాం.
ఆవిడ అడుగు నా అడుగులో సగానికి కాస్త పైన.
రొట్టెల కిటికీ ఇరవై నాలుగుకి జరిగింది,
బాల్కనీ యాభై ఏడుకి.
గోడ దగ్గరికి చేరేసరికి ఎనభై ఆరు.
వాఝా డబ్బా సరిహద్దు దాటి విదేశమైపోయింది.
నదిగాలి సంగతి ఇక ఎత్తలేదు.

ఆవిడ గోడకి వీపు ఆన్చి, చేతికర్ర పక్కన పెట్టి,
పియానో రెండుసార్లు తప్పేదాకా విన్నారు.
మూడోసారికి ముందు
నా కాగితం మీద పేరు చూసుకుని, గొంతు సవరించుకుని
"వాఝా! తాళంచెవుల వాఝా!
గోడ దగ్గర మీ కోసం ఎదురుచూస్తున్నారు!"

వీధంతా రైలొస్తున్నట్టు ఆగింది.
పొయ్యిలోంచి మాల్ఖాజ్ తల బయటికొచ్చింది.
పియానో మానేసి ఎవరో కిటికీ తెరిచారు. పన్నెండేళ్ళ పిల్లాడు.
వాఝా చేతులు తుడుచుకుంటూ, గుత్తి గలగలమనిపిస్తూ
వాళ్ళ మూల నుంచి నడిచొచ్చాడు,
ఎన్నడుగులో ఎవరూ లెక్కపెట్టలేదు.
నడకకి అందనిది కూతవేటులో ఉందని
పదకొండేళ్ళలో నాకు తోచనే లేదు.

తిరిగొచ్చాక ఇరవై ఎనిమిది మిగిలాయి.
రేపటికి కలుపుకోవచ్చా అంటే
డాక్టర్ లెక్కలో నిల్వలు ఉండవన్నారు.
అందుకని కౌంటర్ చుట్టూ తిరిగి వచ్చి
నా కుర్చీలో కూర్చున్నారు. పంతొమ్మిది.
"ఇక్కణ్ణుంచి ఏం కనబడుతుందో చూద్దామని."

గుమ్మం. సగం మెట్టు.
ఎక్కడికో వెళ్తున్న బూట్లు.

"బాగుంది. ఇది రాయలేదే?" అన్నారు.