పదో వంతు

ఆరు కిలోల రెండు వందల గ్రాములు.
నారాయణగూడ పశువుల దవాఖానలో
తూకం ముల్లు ఆగినచోట నా తల వంగింది.
మిరియం మాత్రం బల్ల మీద కూర్చుని
ఆ బరువు తనది కానట్టు
గోడ మీది బల్లుల్ని లెక్కపెడుతోంది.

"పాలు పోస్తున్నారా?"
దొంగసారా సంగతి అడిగినట్టు
గొంతు తగ్గించి అడిగింది డాక్టరమ్మ.
పిల్లికి పాలంటే
ఒకటో తరగతి బొమ్మల పుస్తకం నేర్పిన అబద్ధమట.
పెరిగిన పిల్లి కడుపుకి పాలు పడవట.
ఉల్లి వద్దు, వెల్లుల్లి అసలే వద్దు,
ఉడికిన ఎముక గొంతులో సూది.
చిరుతిండి ఏదైనా సరే
రోజు తిండిలో పదో వంతు. అంతే.

మందుల షాపులో పదిహేనేళ్లు
చీమతలంత అక్షరాలు చదివిన కళ్లు నావి.
మెహిదీపట్నం దుకాణంలో
నవ్వుతున్న పిల్లి బొమ్మ పొట్లాం తిప్పి చూశాను.
పేరులో ముందున్న చేప
లోపల చిట్టచివర ఉంది.
మధ్యలో అంతా పిండి, ఉప్పు, ఎర్ర రంగు.
రంగెవరికి?
మిరియానికి ఎరుపు సరిగ్గా కనపడదు కూడా.
ఆ రంగు నాకన్నమాట.
పొట్లాం మళ్లీ కొక్కేనికి తగిలించి వచ్చేశాను.

ఆదివారం రాంనగర్ చేపల మార్కెట్.
కొరమీను ధర అడిగే ధైర్యం నా జీతానికి లేదు.
బొచ్చె, పావుకిలో.
"పులుసుకు చాలదక్కా" అన్నాడు.
"పులుసు లేదు, ఉప్పు కూడా లేదు" అన్నాను.
జాలిగా చూసి ఒక ముక్క ఎక్కువేశాడు.

ఆవిరి మీద ఉడికించి
వేళ్లతో ముల్లు ముల్లూ వెతికి తీసి
గోరంత ముక్కలు చేసి పాత టిఫిను గిన్నెలో దాచాను.
రోజుకి పది.
పదకొండోదాని కోసం అది అరిచిన అరుపులు
మల్లేపల్లి మొత్తం వింది.

నెల తిరిగింది. ఆరు కిలోల మూడు వందలు.
తూకం తప్పు కాదు.
తప్పు నాదీ కాదు.

శుక్రవారం షాపు తొందరగా కట్టేశారు.
బట్టలు తీద్దామని మేడెక్కితే
పిట్టగోడ అవతల కుల్సుం ఆపా గొంతు:
"మలాయీ... ఆజా మలాయీ."
నల్లగా నిగనిగలాడే నా మిరియం
ఆ తెల్లటి పేరుకి
తోక నిలబెట్టుకుని నడిచిపోయింది!
సాసర్లో మీగడ.
పక్కన టీలో నానిన ఉస్మానియా బిస్కెట్టు.

కోపం రావాలి. వచ్చింది కూడా.
నేను నోరు తెరిచేలోపే ఆపా అంది,
"డాక్టర్ నాకు షక్కర్ బంద్ జేసిండు బేటీ.
బిస్కెట్ ముంచుడు నాది, తినుడు దీనిది."

పదిహేనేళ్లలో
ఏ డబ్బా మీదా చదవలేదు ఇలాంటి మాట.

ఇప్పుడు గిన్నెలో అయిదు ముక్కలే నావి,
అయిదు గోడ దాటి వెళ్తాయి.
"నమక్ బిల్కుల్ నై?" అని రోజూ అడుగుతుంది.
బిల్కుల్ నై అని రోజూ చెబుతాను.
మొన్నొక ముక్క తనే నోట్లో వేసుకుని
మొహం చిట్లించి
పిల్లి వైపు చూసి "బిచారీ" అంది.

నిన్నటి తూకం అయిదు కిలోల తొమ్మిది వందలు.
ఇంకో వంద తగ్గి ఉండాల్సింది,
నా లెక్క తప్పదు.
ఎదురుగా పంక్చర్ షాపు కుర్రాడు
మధ్యాహ్నం డబ్బా విప్పినప్పుడు
దాన్ని ఏ పేరుతో పిలుస్తాడో
కనుక్కోవాలి.