పదమూడో బాణం

ఆర్జిపల్లి ఒడ్డున పడవ కదలడం లేదు.
రాత్రి పోటుకి ఇసకలో కూరుకుని
ఒక పక్కకి ఒరిగి, అలిగిన ఎద్దులా కూచుంది.
పన్నెండు మంది భుజాలు ఆనించారు.
నేను స్కూటరు ఆపి చూస్తున్నాను.
సంచిలో తొమ్మిదో తరగతి పరీక్ష కాగితాలు,
అన్నింటి మీదా ఒడియాలో ఒకటే శీర్షిక:
బలం, గతి.

బడిలో ఒడియాలో చెబుతాను, ఇంట్లో తెలుగులో తిడతాను.
ఈ రెండు మాటలకి మాత్రం సరిహద్దు లేదు.
ఘర్షణ అనగానే ముందు బెంచీ నవ్వుతుంది,
అది వాళ్ల వీధి కుళాయి దగ్గర రోజూ జరిగేదే.
నవ్వనిచ్చి, బల్ల మీద డస్టరు పెట్టి వేలితో తోస్తాను.
కదలదు.
ఇంకాస్త. కదలదు.
చూశారా, నేనెంత తోస్తే బల్లా అంతే ఆపుతుంది,
దాని ఓర్పు ఉన్నంత వరకు.
ఓర్పు దాటిందా, జారిపోతుంది.
జారుతున్నదాన్ని తొయ్యడం తేలిక,
మొదలే కష్టం. రాసుకోండి.

ఇక్కడ ఇసక ఏమీ రాసుకోలేదు.
మైలపల్లి దానయ్య తోశాడు, పడవ ఊ అనలేదు.
అతను ఊపిరి తీసుకునేలోగా వెనక కుర్రాళ్లు తోశారు.
వాళ్లు ఆగేసరికి ఇటుపక్క నలుగురు.
పన్నెండు బలాలూ ఉన్నాయి,
పన్నెండూ ఒక్క క్షణంలో లేవు.
ఒక్కొక్కటీ వచ్చినప్పుడల్లా
దానికి సరిపడా జవాబు చెప్పి
ఇసక మళ్లీ నిద్రపోతోంది.

అప్పుడు వచ్చాడు సూరాడ దండాసి.
పారాదీప్ మరబోటులో వించి తాడు
కుడి చేతిని మోచేతి దాకా తినేసిన మనిషి.
పడవని ముట్టుకోలేదు.
దుంగలకి నూనె పట్టిందా అని వంగి చూశాడు.
వక్క ఉమ్మేసి, ఎడమ చెయ్యెత్తి
అరిచాడు.

ఐ...
ఆ కూత సాగినంత సేపూ ఎవరూ తొయ్యలేదు.
లెస్సా!
పన్నెండు వెన్నులు ఒక్క వెన్నయ్యాయి.
కింద దుంగ కిర్రుమంది.
జానెడు.
మళ్లీ అరిచాడు. రెండు మూరలు.
ఆ తర్వాత పడవే పరిగెత్తింది,
వీళ్లు లుంగీలు పట్టుకుని దాని వెనక,
నురగలో అది ముక్కు దూర్చేదాకా.

సాయంత్రం కాగితాలు దిద్దుతున్నాను.
'మీరు చూసిన ఒక వస్తువు మీది బలాలను బాణాలతో గీయండి.'
అందరూ బల్ల మీద పుస్తకం గీశారు, నేను చెప్పిందే.
పదిహేడో నంబరు సూరాడ కుముదిని,
దండాసి మనవరాలు, పడవ గీసింది.
ఈ పొద్దు నేను చూసింది మొన్ననే గీసింది.
కిందికి బరువు. పైకి ఇసక ఆసరా.
వెనక్కి ఘర్షణ, పెన్సిలు అరిగేలా లావుగా.
ముందుకి పన్నెండు బాణాలు, లెక్క తప్పలేదు.
ఇంకొకటి ఉంది.
పడవకి తగలకుండా, అంగుళం ఎడంగా, గాలిలో.
పక్కన ఒడియా అక్షరాల్లో ఒక తెలుగు మాట:
తాత.

ఎర్ర పెన్ను మూత తీశాను.
ఆనకుండా తోసే చెయ్యి లేదు, అది నేను చెప్పిందే.
ఆ బాణం ఎన్ని న్యూటన్లు? సున్న.
కలిపినా మొత్తం మారదు.
తీసేస్తే
పడవ ఇంకా ఇసకలోనే ఉంటుంది.

టీ చల్లారిపోయింది.
కొట్టేశాను. సైన్సు మేష్టర్ని, కొట్టెయ్యాలి.
నాలుగుకి నాలుగూ వేసి పక్కన రాశాను,
ఇది బలం కాదమ్మా, వేళ.
ఒడియాలో రాయబోతే అక్కడా బేళే,
ఒక్క అక్షరం తేడా.

మర్నాడు బడి ముందు ఇసకలో
నా స్కూటరు చక్రం దిగబడింది.
నలుగురు పిల్లలు నాలుగు సార్లు తోశారు,
నాలుగు సార్లూ ఇంకాస్త దిగింది.
నోరు తెరిచాను, ఆ కూత నాకు రాదు.

వెనక ఎక్కడో, వరండా మెట్ల మీంచి,
సన్నటి గొంతు
ఐ... అని సాగింది.
పిల్లలు ఊపిరి బిగబట్టారు.
నేనూ.