సాకు

మొదటి నెల నా చొక్కా మీద స్టాన్లీ అని ఉండేది.
మానేసి పోయినోడి బ్యాడ్జి. నాది అచ్చవడానికి టైం పడుతుందన్నారు.
స్టాన్లీ, ఇంకో ఫోర్కు అంటే
తల తిప్పడం మూడో రోజుకే వచ్చేసింది.
రెడ్డెప్ప అని పేరొచ్చిన రోజు
ఎవరూ పిలవలేదు.

రెసిడెన్సీ రోడ్డు హోటల్లో నాలుగో అంతస్తు, బాంక్వెట్.
ఎడమ చేతి మీద మూడు పళ్లేలు, బొటనవేలు అంచు దాటకూడదు.
గ్లాసులో నీళ్లు ముప్పావు వరకే.
అతిథి వద్దంటే వద్దే. రెండోసారి అడగడం
మర్యాద కాదు, ఒత్తిడి అని
ట్రైనింగ్ మేడం బోర్డు మీద రాసి
కింద రెండు గీతలు గీసింది.

మా గంగులప్ప మామ గుర్తొచ్చి నవ్వాపుకున్నాను.
పుంగనూరు చుట్టుపక్కల ఏ పెళ్లయినా బొక్కెన ఆయన చేతిదే.
చాలు చాలని ఆకుకి చెయ్యడ్డం పెడితే
వేళ్ల సందుల్లోంచి పాయసం పోసేవాడు.
"చాలన్నది నీ నోరు. కడుపునడిగినావా?"
ఆయనకి సర్టిఫికెట్ లేదు.
పంచె నిండా మరకలు.

ఈ ఊళ్లో చాలుకి సాకు అంటారు.
చెవికెక్కడానికి నాకు ఏడాది పట్టింది.
మనకి సాకంటే వంక, సాకడమంటే పెంచడం.
సాకు సాకని వాళ్లు చెయ్యూపినప్పుడల్లా
ఎవర్ని, ఏం పెట్టి, అని లోపల అడిగేవాణ్ణి.
చెల్లెలి నర్సింగు ఫీజు కోసం మస్కట్ పోతున్నానని
అందరికీ చెప్పాను.
అదొక సాకు.
నాకే పోవాలనుంది.
సముద్రం పక్క హోటల్లో, ఎవరికీ తెలియని చోట
నా పేరున్న బ్యాడ్జితో మొదలుపెట్టాలనుంది.

ఇంటర్వ్యూ లినెన్ రూంలో, ఫోను సబ్బుడబ్బాకి ఆనించి.
అవతలాయన ముఖం సగమే కనిపిస్తోంది.
నీళ్లు వడ్డించి చూపించమన్నాడు.
ఎవరూ లేని కుర్చీకి
వంగి, కుడివైపు నుంచి, ముప్పావు.
"అతిథి చాలన్నాడనుకో?"
ఆపుతాను సార్.
"వెంటనే?"
వెంటనే సార్.
ఏదో రాసుకున్నాడు.
పది రోజులకి ఆఫర్ లెటరు.

ఆ వారమే ఒక రిసెప్షన్, మూడొందల ఎనభై మంది.
మూల టేబుల్లో ఒంటరిగా ఒక ముసలాయన,
కోటు వేరే ఎవరిదో, భుజాలు జారుతున్నాయి.
పప్పన్నం వడ్డిస్తుంటే, చాలు నాయనా, అన్నాడు.
మా మదనపల్లె యాస.
గరిటె ఆపాను. వెంటనే.
ఆయన కళ్లు పళ్లెం మీద లేవు,
గరిటె మీదున్నాయి.

ఇంకో గరిటె వేశాను.
ఇంతెందుకేసినావు అని గొణుక్కుంటూ
పళ్లెం గోకి తిన్నాడు. థ్యాంక్స్ అనలేదు.
తలుపు దగ్గర కెప్టెన్ మొన్నప్ప ఆపాడు:
"ఆయన సాకు అన్నాడు కదా?"
అవును సార్, సాకే.
కానీ మా సాకు.
ఆయనకి అర్థం కాలేదు. లాగ్‌బుక్కులో నా పేరెక్కింది.
స్పెల్లింగు తప్పు.

మెడికల్ శివాజీనగర్లో.
టోకెన్ నలభై రెండు. మెట్ల మీద వరసగా
వంటవాళ్లు, డ్రైవర్లు, కేరళ నర్సులు ఇద్దరు,
అందరి చేతుల్లో ఒకే రంగు ఫైలు.
చొక్కా తీసి చల్లటి పలకకి రొమ్ము ఆనించాను.
గట్టిగా పీల్చు, బిగబట్టు, అన్నాడు గాజు వెనకాల్నుంచి.

వీసా నెలాఖరుకంటాడు ఏజెంటు.
ఏ నెలాఖరో చెప్పడు.
నిన్న చేరిన హిందూపురం పిల్లోడు
ఖాళీ చొక్కాతో తిరుగుతున్నాడు,
నా జేబు వంక చూస్తున్నాడు.
చూడనట్టు పక్కనుంచి పోయాను.

బిగబట్టమన్నాడు.
వదలమన్నాడో లేదో
నాకు గుర్తులేదు.