ఎనభై ఎనిమిది

ఎల్ ఆల్తోలో పనికి చేరిన మొదటి నెలలోనే
ముగ్గురికి శిక్ష వేశాను.
ముగ్గురూ నిర్దోషులు,
ముగ్గురి ఒంటి మీదా ఒకటే అంకె: 88.

నేను త్రినిదాద్ వాణ్ని, చిత్తడి నేలల వాణ్ని.
మా దగ్గర నీళ్లు మరిగాయంటే మరిగినట్టే.
వాటి మాట ఎవరూ కొట్టెయ్యరు.

దోన్యా ప్రిమితీవా కరోలా, ఎనభై మూడు మోడల్.
డిక్కీలో చున్యో మూటలు,
పక్క సీట్లో దుప్పటి కప్పుకున్న సూపు గిన్నె,
దానిక్కూడా సీటు బెల్టు.
లా పాజ్ లోయలోంచి ఎక్కుతూ ఎక్కుతూ
రోజూ ఒకే మలుపులో,
టైర్ల కొట్టు ఎదురుగా,
బుస్సుమనేది.

చెయ్యి పెట్టి చూశాను.
ఇంజన్ నిప్పుల కుంపటి.
రేడియేటర్‌కి పోయే గొట్టం మాత్రం
జ్వరం దిగిన పిల్లాడి నుదురులా గోరువెచ్చన.
ఇంకేముంది, మధ్యలో తలుపు బిగుసుకుంది.
మా మేస్త్రీ దోన్ గుమెర్సిందో పన్ను పీకించుకోడానికి పోయాడు,
అడ్డు చెప్పేవాళ్లు లేరు.

థర్మోస్టాట్ ఊడదీశాను.
తీగ కట్టి సత్తు గిన్నెలో వేలాడదీశాను,
కింద గ్యాస్ పొయ్యి.
నీళ్లు కుతకుతలాడాయి, గంతులేశాయి, గిన్నె దాటి దూకాయి.
అది నోరు విప్పలేదు.
రేకు డబ్బాలోకి విసిరేశాను.
సంతలో కొత్తది కొన్నాను, నలభై బొలీవియానోలు.
బిగించే ముందు దాన్నీ ఉడికించాను.
అదీ మూగదే.
ఇంకొకటి.
అదీ అంతే.
అమ్మినవాణ్ని తిట్టాను, వాడి తాతనీ తిట్టాను.

"ఏం వండుతున్నావు నాయనా?"
వెనక దోన్యా, టోపీ సర్దుకుంటూ.
చెప్పాను.
ఆమె గిన్నెలోకి వంగింది,
ఆవిరికి మొహం కూడా తిప్పుకోలేదు.
"ఇక్కడి నీళ్లకి హడావుడి ఎక్కువ, కాక తక్కువ.
ఈ నీళ్లలో బీన్సు గింజ పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా ఉడికినా
పంటి కింద రాయే.
మూత లేకుండా ఏదైనా ఉడుకుతుందా, ఈ ఎత్తున?"

కొట్టు నుంచి కుక్కర్ తెచ్చింది,
కుక్కలకి వండే పాతది.
మూడోదాని నోట్లో దారం ఇరికించి
లోపల అడ్డంగా పెట్టిన గరిటెకి కట్టాను.
నోరు తెరిస్తే దారం జారుతుంది,
జారితే పడుతుంది.
మూత బిగించాం.
ఇద్దరం బోర్లించిన బకెట్ల మీద కూర్చున్నాం.
ఆమె పొద్దుతిరుగుడు గింజలు నములుతోంది.
నేనేమీ నమలడం లేదు.

ఈల రాకముందే
లోపల
టక్.

ఒక్క చిన్న చప్పుడు.
చెవులదాకా ఎర్రబడ్డాను, ఆ చలిలో.

ఎనభై ఆరుకే మరిగే ఊళ్లో
ఎనభై ఎనిమిదికి తెరుచుకునేదాన్ని
మొండిదన్నాను.

అప్పుడు చూశాను రేడియేటర్ మూత.
అన్నాళ్లూ దాన్ని తిప్పి పక్కన పెట్టిన చేయి నాదే.
రబ్బరు వాషర్ ఎండి, చిట్లి,
ముసలి మడమలా పగుళ్లు.
బిగువు నిలవక, వేడి ముదరక,
తలుపు తెరుచుకునేలోపే నీళ్లు పొంగి పారిపోతున్నాయి.
"కుక్కర్‌కి ఏటేటా మారుస్తాను," అంది దోన్యా,
"దీనికీ ఒకటుంటుందని ఎవడు చెప్పాడు?"
ఎవడూ చెప్పలేదు. చెప్పాల్సింది నేను.

కొత్త మూత పన్నెండు బొలీవియానోలు.
మర్నాడు ఆ మలుపులో నేనూ ఉన్నాను,
వెనక సీట్లో, మూటల మధ్య, ఊపిరి బిగబట్టి.
టైర్ల కొట్టువాడు అలవాటుగా నీళ్ల డబ్బాతో లేచి,
మేం ఆగకపోయేసరికి
డబ్బా పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

సాయంత్రం రేకు డబ్బా తిరగేశాను.
కొత్తది ఒకటి దొరికింది.
కారుతో పాటు పుట్టిన పాతది,
నలభై ఏళ్లు ఆ కొండెక్కి దిగింది,
పాత ఇనుము వాడితో వెళ్లిపోయింది, కిలోల లెక్కన.

మేస్త్రీ బుగ్గ వాచి వచ్చాడు.
"ఏమైంది?" అన్నాడు దూది నోటితో.
మూత, అన్నాను.
ఏ మూతో అడిగే ఓపిక ఆయనకి లేదు.