పిన్నీసులు

టంగుటూరులో ఆరుంపావు బస్సెక్కితే
ఒంగోలు పెద్దాసుపత్రిలో ఎనిమిదికి చీటీ.
చీటీ మీద నా పేరుంది:
పాలెపోగు సువార్తమ్మ, యాభై రెండు.
పిలిచింది మాత్రం "పదకొండూ" అని.

తెర పచ్చది. తీగ మీద సగం దూరం వచ్చి ఆగిపోద్ది.
రింగులు ఊడినకాడ గుడ్డ వేలాడతా ఉంది
తడిసిన మేక చెవిలాగా.
ఆ సందులోంచి వరండా, వరండాలో బెంచీ,
బెంచీ మీద ఎవరో మగమనిషి తింటన్న ఇడ్లీ.
నాకు ఇడ్లీ కనపడితే
ఆయనకి నేను కనపడనా?

"చీర పైకి లాక్కొని పడుకో,
మోకాళ్ళు విడదియ్."
ఈగని తోలినట్టు అంది నర్సమ్మ.
పాపం, ఆమెకి నేను పొద్దుట్నించీ పదకొండో మనిషిని.

పడుకున్నా. పైన ఫ్యాను తిరగట్లా.
డాక్టరుగారొచ్చారు. ఆయన వెనక తెల్లకోట్లు,
ఒకటి, రెండు... ఏడు.
లెక్క నాకు అలవాటే,
బ్యారన్ కాడ కర్రకి ఎన్నాకులు అల్లానో
లెక్కపెట్టుకునే బతికా.
ఆయన ఇంగ్లీషులో ఏదో అన్నారు.
ఏడు తలకాయలూ వంగినయ్.

ముప్పయ్యేళ్ళుగా పొగాకు గ్రేడింగు నాది.
ఒళ్ళో పరుచుకుంటా, ఈనె పట్టి వెల్తురుకి తిప్పుతా,
మచ్చ చూస్తా, వాసన చూస్తా,
మేలుది ఇటు, నాసిది అటు.
ఆకుని ఏనాడూ అడగలా.
అది ఆకు గనక.

"ఆగండయ్యా," అన్నా.
ఆ గొంతు నాదేనా అనిపించింది.
"వీళ్ళంతా ఎవురు?"
"స్టూడెంట్లమ్మా. నేర్చుకోవద్దా?"
"నేర్చుకోవాల. నన్నడిగారా?"

నర్సమ్మ నా మోకాలు నొక్కింది:
"ముగ్గుర్ని కన్నావంట, ఇంకా సిగ్గేంది?"

కన్నా. ముగ్గుర్నీ.
మా అత్త గుమ్మానికి గోనెపట్టా కట్టి
మా మామని, మా ఆయన్ని, ఆఖరికి కోడిపెట్టని గూడా
లోపలికి రానియ్యలా.
ఆమెకి సంతకం పెట్టడం రాదు.

లేచి కూచున్నా.
చీర కిందికి లాక్కోడానికి ఎంతసేపు పట్టుద్దో
ఏడుగురి ముందర లాక్కుంటే తెలుస్తది.

డాక్టరుగారు గడియారం చూసుకున్నారు.
కోపం కాదు, బైట అరవై చీటీలు.
ఆ అరవై మందిలో ఎంతమంది ఈ మంచం మీద
ఆగిపోయిన ఫ్యాను రెక్కల్ని లెక్కపెట్టుకున్నారో
ఏ చీటీ మీదా రాయరు.

"ఆడడాక్టరు కావాలంటే అరగంట పట్టుద్ది."
"ఆగుతా."
ఆ పూట కూలి పోయింది. పోనీ.
"వీళ్ళల్లో ఒకరుండొచ్చు. ఆ పిల్ల."
వెనక నిలబడి నేల చూస్తంది,
తెగిన చెప్పుకి పిన్నీసు పెట్టుకుంది.

డాక్టరమ్మ వచ్చినాక ఆ పిల్లే చెప్పింది:
"అమ్మా, చల్లగా తగులుద్ది.
వద్దంటే అక్కడే ఆపేస్తాం. మొదలుపెట్టొచ్చా?"
ఎవరూ అడగని మాట గదా,
జవాబు వెతుక్కోవాల్సొచ్చింది.
"ఊఁ," అన్నా.

నొప్పి పుట్టింది. పుట్టలేదంటే అబద్ధం.
కానీ నేనక్కడే ఉన్నా,
ఫ్యాను మీద గాదు, నా ఒంట్లోనే.

నా చెయ్యి పట్టుకొని అడిగింది,
"ఈ నలుపేందమ్మా?"
"పొగాకు జిగురు. చింతపండేసి రుద్దినా పోదు."
అదీ రాసుకుంది పిచ్చిపిల్ల.

ముక్క తీశారు. మంగళవారం రమ్మన్నారు.
ఏమని వస్తదో, ఆ సంగతి బస్సులో
కిటికీ పక్కన కూచున్నా గానీ తలుచుకోలా.

టంగుటూరులో దిగి ఫ్యాన్సీ కొట్లో
డజను పిన్నీసులు తీసుకున్నా, పెద్దయి.
"చీరకా?" అన్నాడు కుర్రోడు.
"తెరకి."
వాడికి అర్థం గాలా.
చిల్లర లేదని ఇంకో రెండు పిన్నీసులిచ్చాడు.