ఉన్నది ఉన్నట్టు

ఎందుకు అడుగుతున్నావని అడక్కూడదు.
సర్క్యులర్లో మొదటి మాట అదే.
నేను అడగలేదు.
దస్తగిరమ్మ ఎందుకు అడుగుతోందో
ఆదోని స్టేషన్లో
నాకంటే బాగా తెలిసినవాడు లేడు.

దరఖాస్తు ఎవరో కాలేజీ పిల్ల రాసిచ్చినట్టుంది,
గుండ్రటి అక్షరాలు. కింద వేలిముద్ర.
తెల్లకార్డు జెరాక్సు జతచేసింది, ఫీజు లేదు.
ముట్టినట్టు రసీదిచ్చాను.
అక్కణ్ణించి ముప్పై రోజులు లెక్క.

"నా కొడుకు కుళ్లాయప్పను ఆ రాత్రి
ఎన్ని గంటలకు తెచ్చినదీ, ఎన్ని గంటలకు వదిలినదీ
డైరీ పేజీ నకలు ఇప్పించగలరు."

దర్యాప్తు సాగుతుంటే ఇవ్వనక్కర్లేదు.
దర్యాప్తు లేదు. అసలు కేసే లేదు.
జిన్నింగు మిల్లులో పోయాయన్న రెండు పత్తి బేళ్లు
మర్నాడు ఆ గోడౌన్లోనే దొరికాయి.
ఎస్సై సారు కాగితం చూసి, నన్ను చూసి
"రూలు ప్రకారం చెయ్యప్పా" అన్నాడు.
ఏ రూలో చెప్పలేదు.

ఇరవై తొమ్మిదో రోజు డైరీ తెరిచాను.
నా రాతే. వంకర లేని రాత,
నన్ను రైటర్ని చేసిందే అది.
"ఉదయం 6.10. విచారణ నిమిత్తం పిలిపించి
6.50కి క్షేమంగా పంపివేయడమైనది."
నిజప్రతి ముద్ర కొట్టాను.
సరిగ్గా పడలేదు. ఇంకోసారి కొట్టాను.

ఆమె కవరు చింపి
కాగితం తలకిందులుగా పట్టుకుంది.
"చదువు నాయనా."
చదివాను.
"అంతేనా?"
"అంతేనమ్మా."
"రేత్రి పదకొండుకు బువ్వ తెచ్చింటి గదప్పా.
జొన్నరొట్టె, చెనిక్కాయల ఊరిబిండి.
వాన గూడా పడతాండె. నీ చేతికే ఇచ్చింటి.
ఆ సత్తుగిన్నె యాడా రాయలేదా?"

రికార్డులో లేనిదాన్ని
తయారుచేసి ఇవ్వనక్కర్లేదు.
అదీ రూలే. అంకెతో సహా నాకు నోటికొచ్చు.

గేటవతల కుళ్లాయప్ప నిలబడ్డాడు.
కుడిచెయ్యి భుజం దాటి లేవదట,
బేళ్లెత్తడానికి పిలవడం మానేశారట.
లోపలికి మాత్రం రాలేదు.

గిన్నె నా బల్ల మీదే ఉంది.
మైదా జిగురు అందులోనే కలుపుతాం.
ఆమె కవరు కూడా దాంతోనే అంటించాను.

చూసింది. ఇమ్మని అడగలేదు.
అప్పీలు ఎవరికి చేసుకోవాలని అడిగింది.
చెప్పడం నా విధి:
డీఎస్పీ గారికి, ముప్పై రోజుల్లోగా.
చీటీ మీద అడ్రసు రాశాను.
దాని కింద, ఎవరూ అడగకుండానే,
"రాత్రి 11. గిన్నె ఒకటి."

సంతకం దగ్గర
పెన్ను ఇంకా ఆగి ఉంది.